తాళం చెవి ఎవరి చేతికి ఇస్తున్నాం?

(పావగడ తాలూకాలో కొత్తగా బండి నేర్చుకుంటున్న యువతీ యువకులు, వారి తల్లిదండ్రుల కూడికలో చేసిన ప్రసంగం)



ఆరాధన ముగిశాక కూడా మిమ్మల్ని కూర్చోబెట్టాం. ఇంట్లో సంగటి చల్లారిపోతుందని తెలుసు. అయినా ఈ గంట మాకు కావాలి. మీలో చాలామంది ఈ ఏడు లైసెన్సుకు పెట్టుకోవాలనుకుంటున్నారు. పెట్టుకోకుండానే రెండేళ్ళుగా బండి తోలుతున్నవాళ్ళు ఎంతమందో మేము అడగం. బయట నిలబెట్టిన బండ్లను లెక్కపెడితే తెలిసిపోతుంది.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. అది మా తప్పు. ఇందులో ఉన్న రెండు కుటుంబాలనూ అడిగాం, పేర్లు లేకుండా చెప్పమన్నారు.

కొన్నేళ్ళ కింద మన చుట్టుపక్కల ఊళ్ళోనే ఒక సాయంత్రం పదహారేళ్ళ అబ్బాయి వాళ్ళ నాన్న స్కూటర్ తీసుకుని అంగడికి బయలుదేరాడు. శనక్కాయలు పీకే కూలికి పోయి తిరిగొస్తున్న ఒక అక్కను వెనక నుంచి గుద్దాడు. ఆమె కాలు రెండు చోట్ల విరిగింది. అబ్బాయికి మోచేయి గీరుకుపోయింది, అంతే. మరుసటి రోజు రచ్చకట్ట మీద పంచాయితీ పెట్టారు. పెద్దమనుషుల్లో మేమూ కూర్చున్నాం. అబ్బాయికి లైసెన్సు లేదు. ఇన్సూరెన్సు మొదటి ఏడాది తర్వాత కట్టలేదని తండ్రి చెప్పాడు. ‘లైసెన్సూ లేదు, ఇన్సూరెన్సూ లేదు, పోలీసుల దాకా పోతే పైసా రాదు, పిల్లోని బతుకు మాత్రం పాడైతుంది’ అని అందరూ అన్నారు. మేమూ అదే అన్నాం. క్షమాపణ గురించి రెండు మాటలు కూడా చెప్పాం. 40,000 రూపాయలకు రాజీ అయింది. తెల్లకాగితం మీద ఆమె వేలిముద్ర పడింది.

కాలిలో రాడ్డు వేయడానికే ఆ డబ్బు చాలలేదు. మహిళా సంఘంలో అప్పు తీసుకున్నారు. ఆమె ఇప్పటికీ వంగి కూలిపని చేయలేదు.

ఏడాది దాటాక వేరే కేసు పని మీద ఒక లాయరు గారి దగ్గర కూర్చున్నప్పుడు ఈ మాట వచ్చింది. ‘స్కూటర్ ఎప్పుడు కొన్నది?’ అని ఆయన అడిగారు. చెప్పాం. ఆయన తల పట్టుకున్నారు. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్తగా కొనే ద్విచక్ర వాహనానికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు షోరూములోనే కట్టించుకోవాలి. అది సుప్రీంకోర్టు పెట్టించిన నియమం. మొదటి ఏడాదితో అయిపోయింది మన బండికి జరిగే నష్టం తాలూకు పాలసీ. ఎదుటి మనిషికి జరిగే నష్టానికి కట్టింది బతికే ఉంది. తండ్రికి ఆ సంగతి తెలియదు. పెద్దమనుషులం ఒక్కరమూ ఆ కాగితం తెచ్చి చూపించమనలేదు.

‘నడిపినవాడికి లైసెన్సు లేదు కదా?’ అన్నాం. అలాంటప్పుడు కూడా ముందు బాధితురాలికి కంపెనీ చేత చెల్లింపజేసి, ఆ సొమ్మును తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మని కోర్టులు ఎన్నోసార్లు తీర్పులిచ్చాయని ఆయన చెప్పారు. అంటే ట్రిబ్యునల్‌కు పోయి ఉంటే ఆ అక్కకు ఆసుపత్రి ఖర్చు, పోగొట్టుకున్న కూలి, ముందుముందు పోబోయే కూలి లెక్కకట్టి అడిగే దారి ఉండేది. భారం చివరికి బండి ఇచ్చిన తండ్రి మీద పడేది. మేము దాన్ని తీసి ఆమె మీద వేశాం. అదీ ప్రేమ పేరుతో.

న్యాయం గురించి పత్రికల్లో రాస్తాం, ధర్నాల్లో కూర్చుంటాం. మన ఇంటి ముందు ఒక కూలి ఆడమనిషికి న్యాయం జరగాల్సి వచ్చినప్పుడు చట్టం తెలియక దాన్ని ఆపినవాళ్ళం మేమే. అందుకే ఈ రోజు వాక్యం కంటే చట్టం ఎక్కువ చెప్తాం, ఓపిక పట్టండి.

వాక్యంలో కూడా ఈ సంగతి ఉందిలెండి. నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు గురించి రాసి ఉంది. ఎద్దు ఎప్పుడూ లేనిది ఒకసారి మనిషిని పొడిచి చంపితే యజమాని నిర్దోషి. పొడిచే అలవాటున్న ఎద్దు అని తెలిసి, జనం హెచ్చరించినా కట్టేయకుండా వదిలేస్తే యజమాని కూడా దోషే. ఎద్దులు పోయి బండ్లు వచ్చాయి. మన మోటారు వాహనాల చట్టం 1988లోది. 2019లో దాన్ని సవరించినప్పుడు 199ఏ అని ఒక సెక్షన్ చేర్చారు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులు, సంరక్షకులు, బండి యజమాని దోషులు. మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ‘నాకు తెలియకుండా తీసుకుపోయాడు’ అంటే కుదరదా అని అడగొచ్చు. కుదురుతుంది, కానీ దాన్ని నిరూపించుకోవాల్సింది మీరే. తాళం చెవి గోడకు మేకు మీద వేలాడుతుంటే ఏమని నిరూపిస్తారు?

‘ఊర్లో తిరిగేకే కదయ్యా, రోడ్డెక్కడులే’ అంటారు తల్లులు. ఆ అక్క కాలు విరిగింది ఊళ్ళోనే.

పదహారేళ్ళకే లైసెన్సు ఇస్తారు కదా అని కొందరు వాదిస్తారు. ఇస్తారు. 50 సీసీకి మించని, గేర్లు లేని బండికి, తల్లిదండ్రుల సమ్మతితో. ఈ రోజు షోరూముకు పోయి 50 సీసీ స్కూటర్ అడిగి చూడండి. మన ఇళ్ళ ముందున్నవన్నీ 110, 125 సీసీ బండ్లే. ఆ వెసులుబాటు కాగితం మీదే ఉంది. బ్యాటరీ స్కూటర్‌కు లైసెన్సు అక్కర్లేదన్న మాట కూడా సగమే నిజం. 250 వాట్లకు లోపు, గంటకు 25 కిలోమీటర్లకు మించి పోని వాటికే అది వర్తిస్తుంది.

ఇక పద్దెనిమిది నిండినవాళ్ళ సంగతి. మనది మధుగిరి ఆర్టీఓ పరిధి, కేఏ 64. ముందు లెర్నింగ్ లైసెన్సు తీసుకోవాలి. ఆధార్, వయసు రుజువు, ఫొటో ఉంటే చాలు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. అది ఆరు నెలలు చెల్లుతుంది. ముప్పై రోజులు గడిచాక అసలు పరీక్షకు పోవచ్చు. ఆ ముప్పై రోజులు ఎందుకు పెట్టారో ఆలోచించండి. నేర్చుకోవడానికి. తెల్ల పలక మీద ఎర్రటి ‘ఎల్’ బండికి ముందూ వెనకా ఉండాలి. లెర్నింగ్ మీద ఉన్నప్పుడు వెనక కూర్చునేది లైసెన్సు ఉన్న నేర్పేవాడే కావాలి. స్నేహితుణ్ణి, చెల్లెల్ని ఎక్కించుకోకూడదు. పరీక్షలో ఎనిమిది అంకె వేయడం ఎలాగో వారం రోజుల్లో వస్తుంది. గొర్రెల మంద అడ్డం వచ్చినప్పుడు ఏం చేయాలో వారంలో రాదు.

ఏజెంటుకు డబ్బు కట్టి పరీక్ష లేకుండా లైసెన్సు తెప్పించుకుంటామని ఎవరైనా అంటే వాళ్ళతో మాకు పని లేదు. లంచం గురించి ధర్నా చేసే చోట కూర్చుని లంచంతో మొదలుపెట్టలేం.

గుర్తుల పరీక్షంటే మన పిల్లలకు భయం. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు, మధ్యలో నలిగిపోతున్నాం అంటారు. రోడ్డు గుర్తులకు భాష లేదు. వాటి ఆకారమే మాట్లాడుతుంది. ఎర్ర అంచున్న గుండ్రటి పలక ఉంటే అది ఆజ్ఞ, మీరితే జరిమానా. ఎర్ర అంచున్న త్రికోణం ఉంటే హెచ్చరిక, ముందు మలుపో, హంపో, బడో ఉంది. నీలంరంగు నలుచదరం ఉంటే సమాచారం, ఆసుపత్రి ఎక్కడ, పెట్రోలు బంకు ఎక్కడ అని. ఇక్కడి నుంచి మడకశిరకు పోయినా, హిందూపురం సంతకు పోయినా, చెళ్ళకెరె పోయినా గుర్తులు అవే. మూడు దిక్కులా ఆంధ్ర ఉన్న తాలూకా మనది. దినం మార్చి దినం హద్దు దాటుతుంటాం. ఇక్కడ తీసుకున్న లైసెన్సు దేశమంతా చెల్లుతుంది. హద్దు దాటితే చట్టం మారదు, జరిమానా మొత్తం మారొచ్చు. హెల్మెట్ లేకుంటే చట్టంలో 1,000 రూపాయలు, మూడు నెలలు నడిపే అర్హత పోతుంది. కర్ణాటక 2019లో ఆ జరిమానాను 500కు తగ్గించింది. అవతల అలా ఉండదు. అందుకే మన కుర్రాళ్ళు హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకుని తిరుగుతూ, పోలీసు కనబడితే తలకు పెట్టుకుంటారు.

ఒక లెక్క వినండి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు. హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది. వాళ్ళలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. ఆ వెనక కూర్చునేది ఎక్కువగా ఎవరు? అమ్మలు, చెల్లెళ్ళు. నడిపే కొడుక్కు హెల్మెట్ కొంటాం, వెనక కూర్చునే అమ్మకు కొనం. చట్టం నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ పెట్టమంటుంది. వచ్చే క్రిస్మస్‌కు కొత్త చీర ఒకటి తగ్గినా ఫరవాలేదు, ఆమెకు ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ఒకటి కొనండి.

వేగం సంగతి. గంటకు 60 కిలోమీటర్లు అంటే మీకు నెమ్మది. సోలార్ పార్కు వైపు రోడ్డు సాఫీగా ఉన్న చోట ఇంకా లాగుతారు. 60లో ఉన్న బండి ఒక సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. సెల్‌ఫోన్ మోగింది, ఎవరా అని రెండు సెకన్లు చూశారు. 33 మీటర్లు కళ్ళు మూసుకుని పోయినట్టు. తర్వాత కదా బ్రేకు. అదీ పొడి రోడ్డు మీద.

మన రోడ్లు ఎప్పుడు పొడిగా ఉంటాయి? పంటకోతల కాలంలో రాగి, ఉలవ కట్టెను రోడ్డు మీదే పరుస్తాం. వచ్చేపోయే బండ్లు తొక్కితే కళ్ళం పని తేలికవుతుందని. మేమూ రైతు బిడ్డలమే, కళ్ళం చేసుకోను చోటు లేని కష్టం తెలుసు. కానీ ఆ కట్టె మీద రెండు చక్రాల బండి బ్రేకు వేస్తే జారిపోతుంది. చీకటి పడ్డాక అంచున పెట్టిన రాళ్ళు కనబడవు. పంట ఎత్తుకుంటారు, రాళ్ళు అక్కడే వదిలేస్తారు. నడిపేవాళ్ళకు చెప్పేది: కట్టె కనబడితే దూరం నుంచే వేగం తగ్గించండి, దాని మీదికి పోయాక ముందు బ్రేకు గట్టిగా పట్టకండి. రైతులకు చెప్పేది: కనీసం ఆ రాళ్ళు తీసేయండి. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీకి ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కరు అతికించండి. దాని ఖరీదు రెండు టీలంత.

ట్రాలీ అన్నాం కాబట్టి ఇంకో ఒప్పుకోలు. కన్వెన్షన్ సభలకు ఎన్నిసార్లు మన సంఘమంతా ట్రాక్టర్ ట్రాలీలో, గూడ్స్ ఆటోలో పాటలు పాడుకుంటూ పోలేదు? పెండ్లికీ అంతే, కూలికీ అంతే. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి ఏదైనా అయితే ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు ఇరవై ఏళ్ళ కిందే తేల్చి చెప్పింది. సరుకు సొంతదారో, అతని తరఫు మనిషో బండిలో ఉంటే వేరే సంగతి. పాటలు పాడుకుంటూ పోయే విశ్వాసులు ఎవరి సరుకూ కాదు. బోల్తా పడితే ఆ ఇరవై మందికి దిక్కెవరు? డ్రైవరుగా కూర్చునేది మళ్ళీ మన సంఘం కుర్రాడే. ఈ ఏటి నుంచి మా సంఘం పేరు మీద ఏ సభకూ సరుకు బండి కట్టం. బస్సు దొరక్కపోతే సభకే పోం. ఇది మా ఇంట్లో మా ఆవిడతో సహా తీసుకున్న నిర్ణయం, ముందుగా ఆమె అడిగింది కూడా.

బస్సు అనగానే మీ మనసు ఎక్కడికి పోయిందో మాకు తెలుసు. 2022 మార్చి 19, శనివారం. వై.ఎన్. హొసకోటె నుంచి పావగడకు వస్తున్న ప్రైవేటు బస్సు పళవళ్ళి కట్ట దగ్గర బోల్తా పడింది. కాలేజీకి బయలుదేరిన పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. బస్సు పట్టనంత జనం ఉన్నారని అప్పుడు అందరూ రాశారు. ఆ పొద్దు మనలో ఎవరి ఇంటికి ఫోను రాలేదు? ఎవరి పిల్లలో తెలియక ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలగలేదు? ఆ కట్ట మీదుగా పోయినప్పుడల్లా మేము బండి నెమ్మది చేస్తాం.

డ్రైవరు తప్పు, వేగం, మలుపు, అవన్నీ విచారణల్లో తేలే మాటలు. మేము అడిగేది ఇంకోటి. పిల్లలు అంత కిక్కిరిసిన బస్సు ఎందుకు ఎక్కారు? అది దాటితే మొదటి పీరియడ్ పోతుంది కాబట్టి. 2023 జూన్ 11 నుంచి కర్ణాటకలో ఆడవాళ్ళకు ప్రభుత్వ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది, శక్తి పథకం. చాలా మంచిది. ప్రభుత్వ బస్సు రాని ఊళ్ళో ఆ ఉచితాన్ని ఏం చేసుకోవాలి? బస్సు లేదు కాబట్టి తండ్రి అప్పు చేసి స్కూటర్ కొంటాడు. పదహారేళ్ళ పిల్లకు తాళం ఇస్తాడు. ముగ్గురు స్నేహితురాళ్ళు దాని మీదే పోతారు. ఆ తండ్రిని జైల్లో పెట్టడానికి సెక్షన్ ఉంది, ఆ ఊరికి బస్సు వేయడానికి సెక్షన్ లేదు. చట్టాన్ని మనం పాటించాల్సిందే. పాటిస్తూనే ఉదయం ఎనిమిదికీ సాయంత్రం నాలుగున్నరకూ బస్సు అడగాలి. ఏ ఊరి నుంచి ఎంతమంది పిల్లలు పోతున్నారో లెక్క రాస్తున్నాం. ఆ కాగితం వెనక తిరుగుతోంది, మీ ఊరు లేకపోతే రాయండి.

ఆటో తోలి బతుకుదామనుకునే తమ్ముళ్ళకు ఒక మాట. కిరాయి బండి నడపడానికి పద్దెనిమిది చాలదు, ఇరవై ఏళ్ళు నిండాలి. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉంటే 7,500 కిలోల లోపు రవాణా బండిని కూడా నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం చెప్పింది. కాబట్టి ‘నీకు వేరే లైసెన్సు కావాలి, ఇంత ఇవ్వు’ అని ఎవరైనా బెదిరిస్తే తలవంచొద్దు, వచ్చి మమ్మల్ని అడగండి.

తాగి నడపడం గురించి ఎక్కువ చెప్పం. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. ఎంత తాగితే అంత అవుతుందని లెక్క వేసేవాళ్ళు తాగకుండా ఉండటం మేలు.

చివరిగా, ప్రమాదం జరిగినప్పుడు. మీరే గుద్దితే పారిపోకండి. జనం కొడతారనే భయం ఉంటుంది, నిజమే. ప్రాణభయం ఉంటే నేరుగా స్టేషనుకు పోండి. గాయపడ్డవాళ్ళకు వైద్యం అందేలా చూడడం, పోలీసులకు తెలియజేయడం 134వ సెక్షన్ ప్రకారం నడిపినవాడి బాధ్యత. పక్కన పోతున్నవాళ్ళు మీరైతే 108కి ఫోను చేసి ఆగండి. సాక్ష్యానికి తిప్పుతారని భయపడి పోయే రోజులు పోయాయి. 2016 మార్చిలో సుప్రీంకోర్టు, తర్వాత 2019 సవరణలో 134ఏ సెక్షన్, ఆదుకున్న మనిషికి రక్షణ ఇచ్చాయి. మీ పేరు చెప్పమని బలవంతం చేయకూడదు, ఖర్చు కట్టమనకూడదు. ఆ మనిషిని చట్టం ఏమని పిలుస్తుందో తెలుసా? గుడ్ సమారిటన్. లూకా సువార్తలోని ఆ సమరయుడే. పార్లమెంటు ఆ పేరు పెట్టింది, మనం మాత్రం ఆ కథలోని యాజకుడిలా పక్కనుంచి పోతున్నాం. తుమకూరు మనకు వంద కిలోమీటర్ల దూరం. మనకు మొదటి గంటలో సగం దారిలోనే అయిపోతుంది. ప్రమాదంలో గాయపడ్డవాళ్ళకు ఏడు రోజుల దాకా 1,50,000 రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం చేయాలని 2025 మేలో కేంద్రం పథకం తెచ్చింది. గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఆ పథకం పేరు చెప్పి అడగండి.

ఇంకోటి. ఎంత చిన్న దెబ్బయినా ఫిర్యాదు రాయించండి. బండి నంబరు, పాలసీ కాగితం ఫొటో తీసుకోండి. నష్టపరిహారానికి ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌కు పోవాలని ఇప్పటి చట్టం అంటుంది. రచ్చకట్ట మీద రాజీ కాగితం ఎవరైనా ముందు పెడితే, అందులో పెద్దమనిషిగా మేము కూర్చుని ఉన్నా సరే, వేలిముద్ర వేయకండి.

ఆ అబ్బాయికి ఇప్పుడు పంతొమ్మిది నిండాయి. ఆ అక్క ఇంటి ముందు నుంచి పోడు, చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోతాడు. పోయిన నెల మా దగ్గరికి వచ్చి ‘అయ్యా, నాకు లైసెన్సు ఇస్తారా?’ అని అడిగాడు. కేసు కాలేదు కాబట్టి చట్టం అడ్డుపడదు. ‘ముందు ఆ ఇంటికి పోయి రా’ అన్నాం. వాళ్ళ నాన్న ఇప్పుడు నెలకు కొంత ఆమె అప్పు కడుతున్నాడు. మేము కూడా కొంత వేస్తున్నాం, ఆ పంచాయితీలో మా పాలు ఉంది కాబట్టి. అబ్బాయి ఇంకా పోలేదు. ఈ రోజు వెనక వరసలో ఉన్నాడు.

ఆధార్ కార్డు, పదో తరగతి మార్కుల కార్డు తెచ్చినవాళ్ళు ముందుకు రండి, ల్యాప్‌టాప్ సిద్ధంగా ఉంది. పద్దెనిమిది నిండనివాళ్ళు బండి తాళాలు ఇప్పుడే మీ నాన్నల చేతికి ఇచ్చి, ఇంటికి నడిచి పోండి.